వెర్లిన్‌తో ఎవరూ మాట్లాడని ఆదివారం

మా టెన్నెసీ జట్టులో ఒక మనిషితో మాటలు మానేయడానికి రెండే కారణాలుండేవి. ఒకటి, వాడి ఉద్యోగం ఊడబోతోందని తెలియడం. ముందురోజు దాకా ఒకే గిన్నెలోంచి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకు తిన్నవాళ్లమే, ఆ పూట వాడికేదో అంటురోగం ఉన్నట్టు బల్ల మార్చేసేవాళ్లం. రెండోది, బంతి విసిరేవాడు అవతలి జట్టుకి ఒక్క హిట్ కూడా, అంటే బ్యాటుతో కొట్టి బేస్ చేరే దెబ్బ ఒక్కటి కూడా, ఇవ్వకుండా ఆట నడిపిస్తూండటం. ఆ మాట ఎత్తినా, వాడి పక్కన కూర్చున్నా, కనీసం కళ్లలోకి చూసినా దిష్టి తగిలి మరుసటి బంతికే హిట్ పడుతుందని బేస్‌బాల్ ఆడే ప్రతివాడూ నమ్ముతాడు. నేనూ నమ్ముతాను. నవ్వేవాళ్లు నవ్వండి.

ఈ రెండు మౌనాలూ పైకి ఒకేలా ఉంటాయన్న సంగతి మాత్రం మాలో ఒక్క బుర్రకీ తట్టలేదు.

వెర్లిన్ టాకెట్ మా జట్టులో బంతి విసిరేవాడు. ఆ బంతులు పట్టుకునే క్యాచర్‌ని నేను. అతనికి ముప్ఫై మూడేళ్లు. పదకొండేళ్లుగా చిన్న లీగుల బస్సుల్లో నడుం విరగ్గొట్టుకుంటూ పెద్ద లీగ్ పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడు. ఈ ఏడు కూడా పిలుపు రాకపోతే తన పుట్టింటివాళ్ల టర్కీ కోళ్ల ఫారంలో చేరి తీరాలని భార్య విల్మా ఖరాఖండిగా చెప్పేసింది. వెర్లిన్‌కి టర్కీలంటే భయం. వేళాకోళం కాదు, నిజంగానే భయం.

ఆ జూలై ఆదివారం అతన్ని చూడటానికే పెద్ద లీగ్ నుంచి ఒకాయన వచ్చి, గడ్డి టోపీ పెట్టుకుని మూడో వరసలో కూర్చున్నాడు. ఆ సంగతి మేనేజర్ హోబర్ట్ ఓడమ్ నాకు చెప్పి, వెర్లిన్ చెవిన వెయ్యొద్దన్నాడు, కంగారుపడతాడని.

అయిదు ఇన్నింగ్స్ గడిచినా అవతలివాళ్లకి ఒక్క హిట్ లేదు. కాకపోతే గురి తప్పిన బంతుల పుణ్యమా అని నలుగురు బ్యాటు తగలకుండానే ఊరికే బేస్ ఎక్కారు, అంటే పరుగు దారిలో మొదటి మజిలీ చేరారు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య కాపలా కాసే మా షార్ట్‌స్టాప్ చేతికొచ్చిన బంతిని రెండుసార్లు వదిలేశాడు. ఇవేవీ హిట్ల లెక్కలోకి రావు గానీ, ఎప్పుడు చూసినా బేస్‌ల మీద జనమే. పైగా వెర్లిన్ స్కోరు బోర్డు వైపు చచ్చినా చూడడు, చూసిన రోజు చిత్తుగా ఓడిపోతామని అతని నమ్మకం. దాంతో అతను సాధిస్తున్నదేమిటో ఊరందరికీ తెలిసింది, అతనికి తప్ప.

ఆరో ఇన్నింగ్స్ ముగించి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. అందరం ఆ చివరికి జరిగిపోయాం.

"ఒరేయ్ మెర్ల్, ఆ నీళ్లిలా ఇయ్యి," అన్నాడు నాతో.

నేను బూటు లేసు కట్టుకోవడంలో మునిగిపోయాను. అప్పటికే దానికి మూడు ముళ్లు పడ్డాయి.

"ఏంట్రా, చెవుడొచ్చిందా?"

షార్ట్‌స్టాప్ వైపు తిరిగితే వాడు ప్యాంటు దులుపుకుంటూ జారుకున్నాడు. ఎనిమిదో ఇన్నింగ్స్ అయ్యేసరికి వెర్లిన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నేరుగా ఓడమ్ దగ్గరికెళ్లాడు.

"బాస్, చెప్పేదేదో మొహం మీదే చెప్పెయ్యండి. పదకొండేళ్లు చేశాను, ఆ మాత్రం మర్యాదక్కూడా పనికిరానా?"

ఓడమ్, డెబ్భై ఏళ్ల మనిషి, రెండు చేతులతో చెవులు మూసుకుని నీళ్ల పీపా వెనక్కి పరుగెత్తాడు.

"సరే, అర్థమైందిలే," అన్నాడు వెర్లిన్. "ఇక టర్కీలే నాకు గతి."

ఇప్పుడు టర్కీల గోలేమిటో నాకు బోధపడలేదు. బోధపడి ఉంటే బాగుండేది.

తొమ్మిదో ఇన్నింగ్స్. మేం నాలుగు పరుగులు ముందున్నాం. ఇద్దరు అవుటయ్యారు, ఇంకొక్కడు అవుటైతే చాలు. ఆ ఒక్కడూ క్లీట్ రెయినీ. ఒకప్పుడు మా జట్టువాడే, వెర్లిన్‌తో ఆరేళ్లు ఒకే గదిలో కాపురమున్నవాడు. ఇప్పుడు అవతలి జట్టులో ఆడుతూ, మోకాళ్లు అరిగిపోయి, మూడు వారాలుగా ఒక్క హిట్‌కి నోచుకోలేదు. రేపోమాపో అతన్ని ఇంటికి పంపేస్తారని అందరికీ తెలుసు.

వంపు బంతి వెయ్యమని వేళ్లతో సైగ చేశాను. వెర్లిన్ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ చేశాను, మళ్లీ ఊపాడు. తర్వాత క్లీట్‌ని చూసి నవ్వి, పండు చేతికందించినట్టు తిన్నగా, మెల్లగా, నడిమధ్యకి ఒక బంతి వదిలాడు.

క్లీట్ కొట్టాడు. బంతి రెండో బేస్ మీదుగా వెళ్లి గడ్డిలో పడింది. మూడువేల మంది ఒక్క గొంతుతో "అయ్యో" అన్నారు. మా షార్ట్‌స్టాప్ నేల మీద కూలబడి ఏడ్చాడు. ఆ తర్వాతివాడు మొదటి బంతికే అవుటయ్యాడు, ఆట గెలిచాం, ఎవరికీ పట్టలేదు.

బట్టలు మార్చుకునే గదిలో నేను ఉండబట్టలేకపోయాను. "ఆ బంతి ఎందుకేశావురా?"

"నన్నెలాగూ పంపేస్తున్నారుగా. క్లీట్‌గాడి పనీ అయిపోయినట్టే ఉంది. పోనీలే, వెళ్లేముందు ఒక్కటి కొట్టుకోనీ అనుకున్నా."

"పంపేస్తున్నారని ఎవడు చెప్పాడ్రా నీకు?"

"ఒక్కడూ నోరు విప్పకపోతేనేగా తెలిసింది!"

అప్పుడు అంతా చెప్పాను, మూడో వరసలో గడ్డి టోపీతో సహా.

"ఒక్కటీ ఇవ్వలేదా నేను?"

"ఒక్కటీ."

వెర్లిన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. అంతలో క్లీట్ కుంటుకుంటూ వచ్చి అతన్ని వాటేసుకున్నాడు. "నీ బంతి కొట్టానురా! ఇంత గొప్పగా విసిరిన రోజున నీ బంతి కొట్టాను!"

వాళ్లు ఇంకా వాటేసుకుని ఉండగానే ఓడమ్, ఆయన వెనక గడ్డి టోపీ ఆయన లోపలికొచ్చారు. ఆ టోపీ ఆయన చేతిలో ఆటగాళ్ల సంగతులు రాసుకునే పుస్తకం తెరిచే ఉంది.

"ఎనిమిదిన్నర ఇన్నింగ్స్ బ్రహ్మాండం. ఆఖర్న ఆ చచ్చు బంతి ఏంటయ్యా? భుజం అయిపోయిందా, లేక ఊరికే వదిలావా? భుజం బాగుందంటే రేపే నాతో బయల్దేరు."

నిజం నా నోటిదాకా వచ్చింది. వెర్లిన్ నావైపు చూసిన చూపుకి మింగేశాను. క్లీట్ చెయ్యి ఇంకా అతని భుజం మీదే ఉంది.

"ఉన్న బలమంతా పెట్టే వేశాను సార్," అన్నాడు వెర్లిన్. "క్లీట్ కొట్టాడు."

ఆయన తలాడించి, వెర్లిన్ పేరు మీద ఒక గీత గీసి పుస్తకం మూశాడు. పదకొండేళ్ల ఎదురుచూపు అంతటితో సరి. నాకు ఏడుపొచ్చింది.

"విన్నావా మెర్ల్?" అన్నాడు క్లీట్, మొహం వెలిగిపోతూ. "ఉన్న బలమంతా పెట్టాడట!"

అని, భార్యకి చెప్పడానికి ఆ అరిగిన మోకాళ్లతోనే ఫోన్ దగ్గరికి పరుగెత్తాడు.