తెరిసమ్మ మంచు దిగిన చోటు

తెరిసమ్మ లేచేసరికి ఆమె మంచు వాకిట్లో పడుకుని ఉంటుంది. పొయ్యి రాజేసి, చోడి అంబలి కాచుకుని ఆమె కాఫీ తోటకు బయలుదేరితే అదీ లేచి దూడలా వెనకే నడుస్తుంది. పెదబయలు చుట్టుపక్కలంతా ఎండ కాస్తున్నా తెరిసమ్మ ఉన్నచోట మాత్రం పొగమంచే. ఆమె పుట్టిన రోజున వచ్చింది, ఉండిపోయింది. చర్చిలో ఆమె పక్కన కూర్చుంటే బట్టలు తడుస్తాయని విసుక్కోవడమే తప్ప దాన్ని పట్టించుకునేవాళ్ళు లేరు.

ఆ మంచు మాటంటే మాటే. ఎక్కడికని చెప్పి బయలుదేరదీస్తే అక్కడే దిగుతుంది. ఒకసారి సంతకని ఎక్కిన జీపు, దారి తెగిపోయి ముంచింగిపుట్టు వైపు మళ్ళింది. తెరిసమ్మ అటు పోయింది. మంచు మాత్రం పెదబయలు సంతలోనే దిగి, ఉల్లిపాయల గుట్టల మధ్య ఆమె కోసం సాయంత్రం దాకా కూర్చుంది.

తనకలాంటి మంచు లేదని చెల్లెలు క్రిస్టినాకు చిన్నప్పుడు ఒకటే బెంగ. అక్క నిద్రపోతుంటే వాకిట్లో గుడ్డ పరిచి దాన్ని పట్టుకోవాలని చూసేది. ఎప్పుడూ దొరకలేదు. పెద్దయ్యాక కన్యస్త్రీల మఠంలో చేరి, ఇటలీ వాళ్ళ సార్దీనియా దీవికి వెళ్ళిపోయింది. ఈమధ్య ఫోన్ చేసి, తనను ఆఫ్రికాలో ఎడారి అంచున ఉన్న మఠానికి పంపుతున్నారని, ఇక ఇటు రావడం ఉండదేమోనని చెప్పింది.

సరిగ్గా అప్పుడే ఫాదర్ గారు జనాన్ని రోము యాత్రకు తీసుకెళ్తున్నారు. దేవుడే తలుపు తీశాడనుకుంది తెరిసమ్మ. కాకపోతే యాత్రలో ఆమెకు చిక్కేది ఒక్క రోజు. ఆ రోజు సాయంత్రమే దీవి నుంచి క్రిస్టినా విమానం. ఈలోగా దీవికి చేరితే చెల్లిని చూస్తుంది, లేకపోతే ఈ జన్మకు లేదు.

నెట్ సెంటర్ నడిపే ఫల్గుణ దగ్గరకు వెళ్ళింది. కంప్యూటరుకు చెమ్మ తగలకూడదని అతను ఏనాడో చెప్పాడు కాబట్టి మంచు గుమ్మం బయటే కూర్చుంది.

"రెండున్నాయి పిన్నీ," అన్నాడు ఫల్గుణ. "ఒకటి పెద్ద ఇమానం. సౌక. ఎంత మంచున్నా దిగుతాదట. కాపోతే దీవికి ఉత్తరం కొసన దింపేత్తాది, ఆడ్నుంచి బస్సెక్కాల. రెండోది సిన్నది. దచ్చినాన, సెల్లి ఊరి పక్కనే దిగుతాది. మంచుంటే మాత్రం దిగదు. నీ సంగతికి పెద్దదే మేలు."

"పెద్దదాన్లో ఎంతమంది పడతారు?"

"నాలుగు బస్సుల జనం."

"ఓలమ్మ! అదెప్పటికి నిండాల, ఎప్పటికి కదలాల? సిన్నదే తియ్యి. బేగి నిండుతాది, బేగి ఎల్తాది."

"ఇమానం మన జీపు కాదు పిన్నీ. నిండకపోయినా టయానికి ఎల్లిపోద్ది."

"నిండకుండా ఎవుడు తోల్తాడ్రా?"

ఏజెన్సీలో నిండని జీపు కదిలిందని ఎవరైనా విన్నారా? ఫల్గుణ నెత్తి కొట్టుకుని చిన్నదానికే టికెట్ తీశాడు. సంచి ఎంత ఉండాలో, ఎంత తూగాలో కంపెనీ వాళ్ళు బారెడు రాశారు గానీ మంచు గురించి ఒక్క ముక్క రాయలేదు.

రోములో ఆ చిన్న విమానం సగం సీట్లు ఖాళీగానే తలుపు వేసుకుంది. "ఇంకా నిండలేదమ్మా!" అంది తెరిసమ్మ కంగారుగా. ఎయిర్ హోస్టెస్ నవ్వి మంచినీళ్ళిచ్చింది. కిటికీ బయట తోడుగా వస్తున్న మంచుకు తెరిసమ్మ మరోసారి గుర్తు చేసింది. "దచ్చినానికి. ఇన్నావా?"

దీవి దక్షిణాన విమానం కిందికి దిగబోయి మళ్ళీ పైకి లేచింది. కింద ఎయిర్‌పోర్టంతా తెల్లగా కప్పేసి ఉంది. కిటికీ పక్కన చూస్తే మంచు లేదు. చెప్పిన చోట అది దిగిపోయింది. విమానం మాత్రం వెనక్కి తిరిగి, తెరిసమ్మ ఏ ఉత్తరం వద్దనుకుందో ఆ ఉత్తరానే ఆమెను దింపింది.

అందరినీ బస్సెక్కించి దక్షిణానికి పంపారు. గొర్రెల మందలు అడ్డొచ్చిన చోటల్లా ఆ బస్సు ఆగింది. చెల్లి విమానం వేళ దారిలోనే దాటిపోయింది. ఫల్గుణ మాట వినివుంటే ఈపాటికి చెల్లి పక్కన ఉండేదాన్ని గదా అని తెరిసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంతదూరం వచ్చి, తన మొండితనంతో తనే చెల్లిని పోగొట్టుకుంది. ఆ బాధ తీర్చేవాళ్ళు ఆ బస్సులో ఎవరున్నారు?

ఎయిర్‌పోర్టు ముందు దిగితే మంచులో ఎదుటి మనిషి కనిపించలేదు. ఎవరో చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి తడిగా ఉంది.

"అప్పా!"

"క్రిస్టినా! నువ్వు ఎల్లిపోలేదా?"

"ఎలాగెల్తాను? పొద్దుట్నుంచి ఒక్క ఇమానం లేవనేదు. అందరూ తిట్టుకుంతన్నారు. నాను బయటికొచ్చి వాసన సూసినాను. మన పొయ్యి పొగ, మన తోట కాఫీ పువ్వు. నీ మంచు దిగిందంటే యెనకాల నువ్వు రాకేటి సేత్తావని ఈడే కూకున్నాను."

అక్కచెల్లెళ్ళు ఆ మంచులోనే కూర్చున్నారు. ఏడ్చారు, నవ్వారు, అమ్మను తలుచుకున్నారు, తోటలో ఏ చెట్టు ఎండిందో ఏది కాసిందో అన్నీ చెప్పుకున్నారు. మాటలు అయ్యేదాకా మంచు లేవలేదు.

చివరికి తెరిసమ్మ లేచింది. అదీ వెనకే లేచింది. ఆమె ఆగి, దాన్ని కాసేపు చూసింది.

"నాతోటి కాదు," అంది. "దీనితోటి ఎల్లు. ఎడారికి. ఇన్నావా?"

క్రిస్టినా తల మీది ముసుగు తీసి, చిన్నప్పటిలాగే నేల మీద పరిచింది. మంచు వచ్చి అందులో పడుకుంది.

ఇంటికొచ్చాక తెరిసమ్మకు తెల్లారగానే తొలిసారిగా ఎదురుకొండ కనిపించింది. ఖాళీ వాకిలి చూసి చాలారోజులు అన్నం సహించలేదు. ఒక పొద్దున క్రిస్టినా ఫోన్ చేసింది.

"అప్పా, ఈడ వానలు పడి ఏళ్ళయిందట. నీ మంచు రోజూ పొద్దున్నే ఊరంతా తిరుగుతాంది. జనాలు దుప్పట్లు ఆరేసి, తడిసినాక పిండుకుని బిందెలు నింపుకుంతన్నారు. పిల్లలు తాగతన్నారప్పా."

తెరిసమ్మ వెళ్ళి వాకిట్లో, మంచు పడుకునే చోట కూర్చుంది.

"దాన్ని గుమ్మం బయట కూకోబెట్టకే," అంది. "లోపలికి రానియ్యి."