తరఫున పెట్టిన సంతకం

తెల్లవారి ఆరింటికి పెద్దక్క చేసే మొదటి పని హాల్లో గిన్నెలు పారబోయడం. వానాకాలమంతా అదే వరస. జుట్టు ముడేసుకుని, కిటికీ దగ్గర బకెట్టుతో మొదలుపెట్టి మెట్ల కింద నూనెడబ్బా దాకా వస్తుంది. పారబోసే ముందు ఒక్కోదాన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. బొగ్గు వాసన వేస్తే బట్టీ వీధి. తోలు వాసన వేస్తే చెప్పులు కుట్టేవాళ్ళ వరస. పసిబిడ్డ పాలవాసన వేసిందంటే మొన్న కాన్పయిన టీచరమ్మ ఇల్లు. పోల్చుకున్నవన్నీ పలక మీద రాసి గుమ్మంలో పెడుతుంది. ఏడింటికి గళ్ళచొక్కా మేస్త్రి వచ్చి పలక చదువుకుని, తారుడబ్బా, సిమెంటు సంచీ సైకిలుకు కట్టుకుని బయల్దేరతాడు.

నిజానికి ఆ ఇంటి కప్పుకు ఏ లోపమూ లేదు. వాళ్ళ నాన్న తాపీమేస్త్రి. తన చేత్తో అయిదంగుళాల శ్లాబు వేసుకున్నాడు. నలభై ఏళ్ళలో ఆకాశం నించి పడ్డ చుక్క ఒక్కటి లోపలికి రాలేదు. కారేవి ఊళ్ళోవాళ్ళ కప్పుల నీళ్ళు. పెద్దక్క తమ్ముడు వార్డు మెంబరుగా గెలిచి, మొదటి ఇరవై ఇళ్ళు కట్టించి, వాటి అప్పగింత పత్రాల మీద సంతకాలు పెట్టిన ఏడాది ఇది మొదలైంది. అతను సంతకం పెట్టిన ఏ ఇల్లు కారినా ఇక్కడ హాల్లో కారుతుంది. దానికి ఎవరూ బుగ్గలు నొక్కుకోలేదు. అర్జీలు తెచ్చేవాళ్ళు గొడుగులు కూడా తెచ్చుకునేవారు. బకెట్ల మధ్య కుర్చీ ఎక్కడ వేసుకోవాలో అందరికీ తెలుసు. "ఇది మాదేనా పెద్దక్కా?" అని గిన్నెలోకి తొంగిచూసేవారు. "మీది కాదులే, మీది రేపు కారుతుంది" అని ఆవిడ చేత అనిపించుకుని నవ్వుకుంటూ పోయేవారు.

తమ్ముణ్ణి ఊరంతా చిన్నమేస్త్రి అంటుంది. తాపీ వదిలేసి ముప్ఫై ఏళ్ళయినా పేరు మాత్రం అతన్ని వదల్లేదు. వార్డు నించి నగరసభకి, నగరసభ నించి జాతీయసభకి ఎక్కిన ప్రతి మెట్టూ ఆ గిన్నెల చలవే. కారిన రోజే మేస్త్రిని పంపే మనిషిని ఓడించడానికి ఎవరికి చేతులొస్తాయి? రెండేళ్ళ కిందట గృహనిర్మాణ మంత్రి అయి రాజధానిలో మకాం పెట్టాడు. ఇక్కడ పెద్దక్క, గిన్నెలు, ఫోను ఎత్తడానికో కార్యదర్శి మిగిలారు. ఆ కార్యదర్శి నోట్లోంచి "అలాగే సార్" తప్ప మరో మాట రాదు కనక అతనికి అదే పేరైపోయింది.

ఆ ఏడు వాన పన్నెండు రోజులు ఏకధాటిగా కురిసి వెలిసింది. పదమూడో రోజు పొద్దున్న పెద్దక్క గిన్నెలన్నీ పారబోసి, ఒక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది.

"ఏమైందమ్మా?" అన్నాడు అలాగేసార్.

"కొత్త వంతెన కోసం ఇళ్ళు తీసేసిన వాళ్ళకి కాలనీ కట్టించారు కదా. ఎన్నిళ్ళయ్యా అందులో?"

"మూడువందల పన్నెండమ్మా."

"పన్నెండు రోజుల వాన. మూడువందల పన్నెండు ఇళ్ళు. ఈ హాల్లో ఒక్క చుక్క లేదు."

"అంత గట్టిగా కట్టారన్నమాట."

"మా నాన్న కట్టిన వాటిల్లోనే పదింటికి ఒకటి మొదటి వానకి చెమ్మ పట్టేది. మీ కాంట్రాక్టరు మా నాన్నని మించినవాడా?"

అలాగేసార్ 'అలాగే' అనబోయి నోరు మూసుకున్నాడు.

పెద్దక్క బస్సెక్కింది. కొత్త వంతెన దిగగానే కాలనీ. నాలుగేసి అంతస్తుల పెట్టెలు, వరసలు వరసలుగా. ఏడాది నిండని గోడల రంగు అప్పుడే పొరలు పొరలుగా లేచిపోయింది. అన్నిటికన్నా పై అంతస్తులో ఆస్పత్రి ఆయా ఉంటుంది. వంతెన రాకముందు ఆమెది పెద్దక్క వెనక వీధే. తలుపు తీసి ఉంది. ముందుగది నేల మీద కాలు పెట్టడానికి సందు లేదు. చెంబులు, మగ్గు, పిల్లల టిఫిను డబ్బాలు, ఆస్పత్రిలో పారేసిన మందుల పళ్ళెం, అన్నిటిలోనూ టప్పు టప్పుమని నీళ్ళు. దండెం మీద ఫినాయిలు వాసన కొట్టే యూనిఫాం. పైన కప్పంతా టీ ఒలికినట్టు మరకలు.

"ఎన్నాళ్ళ నించే?" అంది పెద్దక్క.

"మొదటి వాన నించి, పెద్దక్కా."

"మరి చెప్పవేం?"

ఆయా తెల్లబోయింది. "చెప్పడమేంటి? మీ ఇంట్లో కారుతుంది కదా! మేస్త్రి ఇవాళొస్తాడు, రేపొస్తాడు అని చూస్తున్నాం. ఇన్ని ఇళ్ళు కదా, మా వంతు రాలేదేమో అనుకున్నాం."

వెనక గదిలో మంచం మీంచి ఆమె అత్త గొంతెత్తింది. "కళ్ళు కాయలు కాశాయి ఆ గళ్ళచొక్కా కోసం. మంత్రిగారయ్యాక మా ఇంటి చుక్కలకి కూడా అపాయింట్‌మెంటు కావాలా ఏంటి?"

మెట్ల మీద జనం పోగయ్యారు. మాదీ కారుతోంది అంటే మాదీ అన్నారు. ఒక్కరంటే ఒక్కరు ఏ ఆఫీసు గుమ్మమూ ఎక్కలేదు, ఎవరికీ కాగితం పెట్టలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ ఊళ్ళో కారే కప్పు గురించి ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు, అడగాల్సిన అవసరమూ రాలేదు. పెద్దక్క మెట్ల మీది మొహాలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. తను గిన్నెలే చూసింది గానీ, మీ ఇల్లెలా ఉందే అని ఒక్కనాడు వచ్చి ఒక్కరినీ అడగలేదు.

"వెనక గది పొడిగానే ఉంది పెద్దక్కా," అంది ఆయా, ఆవిడ మొహం చూసి ఓదార్పుగా. "పిల్లలూ, మా అత్తా, నేనూ అందరం అక్కడే సర్దుకుంటున్నాం."

ఆ గదిలో పిల్లలిద్దరూ హోంవర్కు రాసుకుంటున్నారు. గాలంతా ముసలమ్మ మోకాళ్ళకు రాసుకునే తైలం వాసన. కప్పు తెల్లగా, శుభ్రంగా ఉంది. పెద్దక్క ముందుగది చెంబులోంచి ఒక సీసా నీళ్ళు పట్టుకుని ఇంటికొచ్చింది.

రాగానే అలాగేసార్ చేత ఆ కాలనీ అప్పగింత పత్రాలు తీయించింది. మూడువందల పన్నెండింటి మీదా ఒకే సంతకం. అది తమ్ముడిది కాదు, చీఫ్ ఇంజినీరుది. దాని పైన చిన్న అక్షరాల్లో 'మంత్రిగారి తరఫున' అని ఉంది. అదీ సంగతి. తరఫున పెట్టిన సంతకానికి ఇల్లూ లేదు, వాకిలీ లేదు. ఆ నీళ్ళకి ఎవరింటికి వెళ్ళి కారాలో తెలియలేదు.

శనివారం పొద్దున్న తమ్ముడు వచ్చాడు. చంకలో లావుపాటి ఫైలు. దేశమంతటా పది లక్షల ఇళ్ళు, అన్నీ వంతెన కాలనీ నమూనాలోనే. సోమవారం రాజధానిలో దాని మీద సంతకాలు. నాన్న కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నవాడి ఒళ్ళో పెద్దక్క అప్పగింత పత్రం ఒకటి పడేసింది.

"ఇదేంట్రా?"

అతను నీళ్ళు నమిలాడు. "పనెక్కువై... ఇంజినీరుకి అధికారం ఇచ్చానక్కా."

"నూట రెండు జ్వరంలో కూడా లేచి కూర్చుని పెట్టావు సంతకాలు. నీకు పనెక్కువ కాలేదు, సిగ్గెక్కువైంది."

అతను రెండో బూటు లేసు కూడా విప్పాడు. "అవును. సిగ్గే. హాల్లో గొడుగేసుకుని అర్జీలు తీసుకుంటున్న నా ఫోటో అక్కడ రాజధానిలో గోడల మీద అంటించారు. లిఫ్టులో నన్ను చూస్తే నవ్వాపుకుంటారు. సరే, నా సంగతి వదిలెయ్. పది లక్షల ఇళ్ళు నా పేరు మీద వేసుకుంటే ఈ ఇల్లు నిలుస్తుందా? నాన్న కట్టిన ఇల్లు. ఇందులో ఉండేది నువ్వు. అది ఆలోచించావా?"

"నా మీదికి నెట్టకు. నాకు ఈతొచ్చు."

"సర్వే వేయిస్తానక్కా. మూడు వారాల్లో నివేదిక..."

ఆవిడ సీసా మూత తీసి చేతికిచ్చింది. అతను వాసన చూశాడు. వేలు ముంచి బొటనవేలితో రుద్దాడు. వేలికి ఎర్రగా అంటుకుంది. అంతవరకూ మంత్రి కూర్చున్న కుర్చీలో ఇప్పుడు మేస్త్రి కొడుకున్నాడు.

"తుప్పు," అన్నాడు. "లోపల ఇనప ఊచల్ని తినేస్తోంది."

"శ్లాబు మందం ఎంత?"

"మూడున్నర అంగుళాలు."

"తుప్పు నీళ్ళు కారితే నాన్న ఏమనేవాడు?"

అతను సీసా కింద పెట్టాడు. "ఆ కప్పు కింద మనిషిని ఉండనివ్వద్దనేవాడు."

"మూడువందల పన్నెండిట్లో ఏది ముందు పడుతుందో నీ సర్వే తేల్చడానికి మూడు వారాలు పడుతుంది. ఈ కప్పు ఇప్పుడే చెబుతుంది. పెట్టు సంతకం."

పెట్టాడు. 'తరఫున' అన్న మాట కొట్టేసి, కింద తన పేరు. ఒక్కో పత్రం అలాగేసార్ అందిస్తున్నాడు. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. అయినా శ్లాబులు పన్నెండు రోజులు తాగిన నీళ్ళు ఊరికే పోతాయా? పదో పత్రానికి కిటికీ మీద కప్పు నల్లబడింది. యాభయ్యోదానికి బకెట్లు నిండాయి. నూరు దాటేసరికి వంటింట్లో గిన్నెలు అయిపోయి బీరువా సొరుగులు లాక్కొచ్చి పెట్టారు. అలాగేసార్ పత్రాలు తడవకుండా గొడుగు పట్టాడు. చిన్నమేస్త్రి మాత్రం తడుస్తూనే రాస్తున్నాడు. పెద్దక్క గిన్నె గిన్నెకీ తిరుగుతూ వాసన చూసి పలక మీద రాస్తోంది.

ఆయా పత్రం మీద సంతకం పడగానే మెట్ల దగ్గర ధార కట్టింది. ఫినాయిలు వాసన. తెలిసిందే. కానీ ఇంకేదో కూడా రాలుతోంది. నాన్న కుర్చీకి సరిగ్గా పైన కప్పు పొడిగానే ఉంది. అక్కడి నించి సన్నగా ఎర్రటి తుప్పు దుమ్ము జారి, తమ్ముడి తల మీదా భుజం మీదా పడుతోంది. పెద్దక్క ఆ దుమ్ము చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మోకాళ్ళ తైలం.

ఆవిడ కేకేసింది. "లెయ్యరా అక్కడ్నించి! వెనక గది! పొడిగా ఉందని వాళ్ళందరూ ఆ గదిలోనే ఉన్నారు!"

ఫోను రెండోసారి మోగగానే ఆయా ఎత్తింది. పెద్దక్క పలకరింపు కూడా లేకుండా మొదలెట్టింది. "పిల్లల్ని బయటికి తరుము. మీ అత్తని మంచంతో సహా మెట్ల మీదికి లాగు. ఇప్పుడే."

"ముందుగదిలోంచి పోతే అంతా తడిసిపోతుంది, పెద్దక్కా..."

"తడవనీ!"

ఫోను పెట్టెయ్యలేదు. అవతల మంచం కోళ్ళు నేల మీద గీరుకున్న చప్పుడు, గిన్నెలు తన్నుకున్న చప్పుడు, చిన్నపిల్ల ఏడుపు, ముసలమ్మ తిట్లు. ఇరుగుపొరుగు మగాళ్ళెవరో "పట్టు, పట్టు" అంటున్నారు. ఇక్కడ హాల్లో కప్పులోంచి పళ్ళెమంత పెచ్చు ఊడి, తమ్ముడు లేచిన కుర్చీలో పడింది. అదే క్షణాన ఫోనులో పెద్ద మోత, తర్వాత ఏమీ లేదు. ముగ్గురూ ఫోను చుట్టూ మూగారు.

చివరికి ముసలమ్మ గొంతు సన్నగా వినిపించింది. "నా తైలం సీసా లోపలే ఉండిపోయిందే..."

చిన్నమేస్త్రి తడి నేల మీద అలాగే చతికిలబడ్డాడు. మళ్ళీ కలం తీసుకోవడానికి అతనికి కొంచెంసేపు పట్టింది. మిగిలిన పత్రాలన్నీ నేల మీద కూర్చునే పూర్తి చేశాడు. ఎర్ర దుమ్ము రాలిన ఇళ్ళు ఇంకో పదకొండు తేలాయి. సాయంత్రానికి పన్నెండు కుటుంబాలూ బడి గదుల్లోకి చేరాయి.

సోమవారం రాజధానిలో అతను ఫైలు తెరిచి మూడున్నర కొట్టేసి అయిదు అని రాశాడు. దాని కింద తన పేరే, తన చేత్తోనే. మందం పెరిగేసరికి పది లక్షల ఇళ్ళు ఆరు లక్షలయ్యాయి. పది అని దేశమంతా చాటింపు వేసుకున్న పెద్దలకి మొహాలు మాడిపోయాయి. మళ్ళీ వానాకాలం వచ్చేలోగా అతని కుర్చీ ఇంకొకరికి వెళ్ళింది. పెట్టిన సంతకం మాత్రం పెట్టినట్టే ఉంది.

ఆ ఇళ్ళు లేచాక ఇప్పుడు పొద్దున్న ఆరింటికి పెద్దక్కకి హాలు చాలక వరండా దాకా గిన్నెలున్నాయి. ఆవిడ ముక్కుకి అందని వాసనలొస్తున్నాయి. ఉప్పుగాలి, గొర్రెల ఉన్ని, ఏదో గనిలో మట్టి. మాజీ మంత్రి దేశపటం ముందేసుకుని, ఎక్కడివై ఉంటాయో వెతికి, అక్కడి ఇంజినీర్లకు ఉత్తరాలు రాస్తాడు. అక్కడుండే వాళ్ళకి కూడా రాస్తాడు: 'మీ కప్పు కారితే నాకు తెలుస్తుందని ఊరుకోకండి, మీరూ చెప్పండి.' పెచ్చు ఊడిన చోట తనే తాపీ పట్టి పూశాడు. నునుపు రాలేదు. పెద్దక్క చూసి, "నాన్న చూస్తే చెయ్యి విరిచేవాడు" అంది.

మెట్ల దగ్గర ఒక చిన్న గిన్నె ఉంది. అయిదంగుళాల శ్లాబుతో మళ్ళీ కట్టిన ఆయా ఇంటిది. ఎంత వాన కురిసినా అందులో చుక్క పడలేదు. అయినా పెద్దక్క రోజూ అందులో వేలు పెట్టి చూసి, ఫోను తీస్తుంది.

"కారట్లేదు పెద్దక్కా," అంది ఆయా నిద్రగొంతుతో. "నిన్నా కారలేదు. మొన్నా కారలేదు. రాత్రి డ్యూటీ చేసి ఇప్పుడే పడుకున్నాను."

"పడుకుందువుగానిలే. ముందు లేచి వెనక గదిలోకి వెళ్ళి, గోడ మీద చెయ్యి పెట్టి చూసి చెప్పు."

అవతల మంచం కిర్రుమంది. చెప్పుల చప్పుడు దూరమైంది. పెద్దక్క ఫోను చెవికి ఆనించుకుని, ఆమె తిరిగొచ్చేదాకా అలాగే నిలబడింది.