కూర్చుంటే రాని సింఫనీ

షుకూర్ మోకాళ్లు అరిగిపోయి బ్యాండ్ మానేసి చాలా కాలమైంది. ఒకప్పుడు కొత్తగూడెంలో ఏ పెళ్లి బరాత్ కదిలినా ముందు అతని క్లారినెట్టే నడిచేది. ఇప్పుడది అటక మీద ఉంది. నడవలేనివాడికి బరాత్‌లో ఏం పని?

అందుకే మేనల్లుడు, బ్యాండ్ మాస్టర్ ముస్తకీమ్ వచ్చి "మామూ, ఈసారి కూసొని ఊదుడే" అన్నప్పుడు షుకూర్ ప్రాణం లేచొచ్చింది. పైకి మాత్రం "చూద్దాం తీ" అన్నాడు.

సంగతేమంటే, కాలేజీలో సంగీతం చెప్పే కళ్యాణి మేడం ఒక సింఫనీ తెచ్చింది. రెండు వందల ఏళ్ల కిందటిది, ఫ్రాన్సుది. ఆరుబయట జనానికి వినిపించడానికి రాశారట. వయొలిన్లు లేవు, అన్నీ ఊదేవే, వాటికి తోడు డ్రమ్ములు. కాలేజీ వార్షికోత్సవంలో ముస్తకీమ్ బ్యాండ్ దాన్ని స్టేజీ మీద కుర్చీలేసుకుని వాయించాలి. మధ్యలో నిదానంగా సాగే భాగమంతా క్లారినెట్ ఒక్కదానిదే. ఫోన్లో విని విని షుకూర్ దాన్ని వంటబట్టించుకున్నాడు. గులాబ్ బీ మొగుడి పాత బ్యాండ్ ఎర్రకోటు ఇస్త్రీ చేస్తూ, "మన పెండ్లప్పుడు గూడ గింత సంబురం లేకుండె నీకు" అని దెప్పింది.

రిహార్సల్‌కి అందరూ కుర్చీల్లో కూర్చున్నారు. మొదలుపెట్టారు, చెడిపోయింది. మళ్లీ మొదలుపెడితే ట్రంపెట్లది ఒక దారి, డ్రమ్ముది ఒక దారి.

"కాళ్లు కదిల్తెనే మాకు తాళం, మేడం. గిట్ల కూసుంటే రాదు" అన్నాడు డ్రమ్ము వాయించే శ్రీను.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని మేడం నవ్వింది గానీ, వాడన్నది నిజం. ఆ బ్యాండ్ ఏనాడూ కూర్చుని వాయించి ఎరగదు. లేచి మైదానంలో నడుస్తూ వాయిస్తే అంతా దారిలో పడింది. ఇక స్టేజీ వద్దు, నడుస్తూనే వాయించమంది మేడం.

షుకూర్ క్లారినెట్‌ను గుడ్డలో చుట్టేశాడు. "కూసునే పని అని పిలిస్తిరి. ఇగ నేనెందుకు?"

శ్రీను వెళ్లి, బరాత్‌లో లైట్ల కోసం తోసే జనరేటర్ బండిని తెచ్చాడు. జనరేటర్ దించి, దాని మీద కుర్చీ కట్టాడు.

"ఏంది, నన్ను ఊరేగిస్తవా?"

"అవ్ చిచ్చా. ఇన్నేండ్లు పెండ్లికొడుకుల ముంగట నడిస్తివి. ఒక్కసారి నువ్వు కూసో."

"నవ్వుతర్రా."

"నవ్వనీ."

వార్షికోత్సవం నాడు కాలేజీ పిల్లలు తోస్తుంటే బండి బ్యాండ్ వెనక కదిలింది. జనం నవ్వారు కూడా. ఎప్పుడూ ముందు నడిచిన షుకూర్, తన బ్యాండ్‌ను వెనక నుంచి చూడటం అదే మొదలు. ఎర్రకోట్లు, వాటి కింద అరిగిన బూట్లు.

అతని వంతు రాగానే మిగతా వాద్యాలు ఆగాయి, నడక ఆగలేదు. షుకూర్ ఊదాడు. పాట నిదానించిన కొద్దీ ఆ బూట్లన్నీ నిదానించాయి. అతను ఊపిరి సాగదీసిన చోట అడుగు కూడా గాలిలో ఆగి, అతను వదిలాకే నేలకు దిగింది. అన్ని కాళ్లతో తనే నడుస్తున్నట్టనిపించింది షుకూర్‌కి. కళ్లు నిండాయి, స్వరం మాత్రం తప్పలేదు.

అంతా అయ్యాక గులాబ్ బీ చెయ్యందించి దిగమంది.

"ఆగు" అన్నాడు షుకూర్. పిల్లల వైపు తిరిగి, "ఇంకో చుట్టు తిప్పుండ్రి బిడ్డా" అన్నాడు.