నమూనా రాయి

ఫైలుకి రెండో రబ్బరు బ్యాండు తగిలిస్తుండగానే బస్సు కుప్పం దాటింది. గోపాలస్వామి కుడి మణికట్టుకి ఎప్పుడూ నాలుగైదు రబ్బరు బ్యాండ్లు ఉంటాయి. ఎడమ చేతికి గడియారం. ఈ రెండూ లేకుండా ఆయన్ని చూసినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. తెల్ల చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఎర్ర పెన్ను మూత పగిలి మూడేళ్లయింది, దారం చుట్టి వాడుతున్నాడు. కూర్చున్నది ఎడమవైపు కిటికీ పక్కన. గ్రానైటు ఫ్యాక్టరీలో రాళ్లు కోసే రంపాల మోతకి ఆయన ఎడమ చెవి ఎప్పుడో మందగించింది. వినపడని చెవిని కిటికీకి అప్పగిస్తే, వినపడేది కండక్టరుకి పనికొస్తుంది.

ఆ రోజు మార్చి ముప్పై ఒకటి. పుంగనూరులో ఒక బాలికల హైస్కూలుకి వెళ్లి సంతకం పెట్టించుకోవాలి. అక్కణ్ణుంచి మదనపల్లె పోయి ఆడిటరు ఆఫీసులో ఫైలు ఇచ్చేయాలి. ఇంతే పని. కాకపోతే ఈ పని మీదే ఆయన ఉద్యోగం ఉంది. రిటైరై రెండేళ్లయినా ఏడాదికోసారి గడువు పొడిగిస్తూ ఉంచుకున్నారు. ఆ గడువు కూడా ఇవాళ్టితో సరి. మూడో పొడిగింపు కాగితం మేనేజరు చంద్రమోహన్ బల్ల మీద సంతకం లేకుండా ఉంది. "ధర్మం ఫైలు క్లోజ్ చేసుకోని రాప్పా, సంతకం పెట్టేస్తా," అన్నాడు నిన్న సాయంత్రం.

ధర్మం ఫైలు అన్నది గోపాలస్వామి పెట్టిన పేరే. పెద్ద లాభాలొచ్చే కంపెనీలు వందకి రెండు రూపాయల చొప్పున జనం మంచికి ఖర్చు పెట్టాలని చట్టం ఉంది. కాగితాల్లో దాని పేరు సీఎస్సార్. ఫ్యాక్టరీ ఓనరుకి అది చిరాకు, మేనేజరుకి తలనొప్పి, గోపాలస్వామికి మాత్రం ఇష్టం. మిగతా ఖాతాలన్నీ రాళ్లవి. ఇదొక్కటే మనుషులది. ఏ ఊరికి నీళ్ల ఫిల్టరు ఇచ్చారో, ఏ బడికి బెంచీలు పంపారో ఆయనకి నోటికి వచ్చు. ఆ ఊళ్లు చాలావరకు ఆయన చూడలేదు.

ముప్పై మూడేళ్ల కిందట రెండు నెలల కోసం వచ్చాడు ఆ ఫ్యాక్టరీకి. హాజరు పట్టీ రాసేవాడు కామెర్లతో పడిపోతే, క్వారీలో రాళ్లు కొట్టే మునెప్ప కొడుకు బీకాం చదివాడని ఎవరో చెప్పారు. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని పని చేసిన మొదటి మనిషి గోపాలస్వామే. కామెర్లవాడు తిరిగి రాలేదు. ఈయన్ని వెళ్లమని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. రాసిన లెక్కల కింద సంతకాలు మేనేజర్లవి. ఈయన చేసేదల్లా ప్రతి పద్దు పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు కొట్టడం. ఆ టిక్కులకే లక్షలు కదిలాయి. పేరు మాత్రం ఎక్కడా పడలేదు. ఆయనకి దాని మీద బెంగ ఉన్నట్టు కూడా కనపడదు.

పలమనేరులో బస్సు మారి పుంగనూరులో దిగేసరికి పది కావస్తోంది. ఒంటిపూట బడులు, పన్నెండున్నరకి తాళాలు పడతాయి. గోపాలస్వామి టీ కూడా తాగకుండా నడిచాడు. ఎండ అప్పుడే మాడు మీదికి వచ్చింది. గేటు లోపల అడుగుపెట్టగానే ఆయనకి రాయి కనపడింది. సైన్సు గది బయట, కిటికీ కింద గోడకి ఆనించి ఉంది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. నల్లటి నలుపు, లోపలంతా బంగారు చుక్కలు. అలాంటి దాన్ని గ్రానైటు వాళ్లు గెలాక్సీ అంటారు. మచ్చ లేని పలక కోసం ఫిబ్రవరిలో ఆయన గోడౌనులో ఒక పూటంతా వెతికాడు. అంచున పసుపు చాకుపీసుతో రాసింది కూడా ఆయనే: "పుంగనూరు స్కూలు, నమూనా". రాయి మీద రాసే మైనపు చాకుపీసు అది, నీళ్లకి పోదు. నిన్నటి మధ్యాహ్నం భోజనం పళ్లేలు ఎవరో కడిగి, పలకకి ఆనించి ఆరబెట్టారు. ఆయనకి కొంచెం మనసు చివుక్కుమంది.

సైన్సు టీచరు స్వర్ణలతకి నలభై ఉంటాయి. కాటన్ చీర కొంగు నడుముకి దోపుకుని, పిల్లల నోటుబుక్కులు దిద్దుతోంది. కంపెనీ పేరు చెప్పగానే ఆమె ముఖం వెలిగింది.

"రాండి సార్, కూసోండి. మీ కోసమే సూస్తాండాను రెండు నెల్లుగా. సామాన్లు ఆటోలో వస్తాండాయా?"

"ఏం సామాన్లు మేడమ్?"

"అదే, మేము రాసినదానికి. మీ శిలాఫలకం వచ్చేసింది గదా. పేరు చెక్కించేకి రాయి ముందొచ్చింది, సామాన్లు ఎనకాల వస్తాయిలే అనుకున్నాం. పెద్ద కంపెనీలు అట్లనే చేస్తారని హెచ్చెమ్ మేడమ్ అనింది."

గోపాలస్వామి ఫైలు మీది రబ్బరు బ్యాండు తీశాడు, మళ్లీ వేశాడు. "అది శిలాఫలకం కాదు మేడమ్. మీరు అడిగిందే అది."

ఆమె కిటికీలోంచి రాయి వైపు చూసింది, ఆయన వైపు చూసింది. ఆయన ఉత్తరం తీసి బల్ల మీద పరిచాడు. నవంబరులో ఆమె రాసిన ఉత్తరమే. ఒక్క వాక్యం కింద గీత ఉంది: "నక్షత్రాల్లో చిక్కుకున్న కృష్ణ పదార్థం నమూనా ఒకటి ఇప్పించగలరు."

ఆయన వేలు పెట్టి ఒక్కో మాటా చెప్పుకుంటూ వచ్చాడు. కృష్ణ అంటే నలుపు. పదార్థం అంటే మెటీరియల్. ఫ్యాక్టరీలో రాయిని రాయి అనేవాళ్లు ఎవరూ లేరు, అందరూ మెటీరియల్ అనే అంటారు. నక్షత్రాలు చిక్కుకున్న నల్ల మెటీరియల్ అంటే గెలాక్సీ తప్ప ఇంకోటి లేదు. నమూనా అంటే శాంపిల్. కొనేవాళ్లకి రోజూ పంపేదే. ఉత్తరంలో "నక్షత్రాల్లో" అని ఉంటే, టీచరమ్మ తొందరలో తప్పు రాసిందనుకుని, ఎర్ర పెన్నుతో దాన్ని "నక్షత్రాలు" అని దిద్దాడు. ఆ దిద్దుబాటు ఇంకా అక్కడే ఉంది.

స్వర్ణలత దాన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏమో ఆయనకి తెలియలేదు.

"నేను రాసింది తప్పు కాదు సార్," అంది. "కృష్ణ పదార్థమంటే డార్క్ మ్యాటర్. కంటికి కనపడని పదార్థం ఒకటి ఉండాదంటారు, లోకమంతా. దేనికీ తగలకుండా అట్ల పోతాంటాది. మనలోంచి గూడా పోతాంటాది. ఎప్పుడో ఒకసారి ఏ నక్షత్రంలోనో దేనికో తగిలి, వేగం పోగొట్టుకుంటాది. ఇంక బయటికి రాలేదు. ఆడే ఉండిపోతాది. నమూనా అంటే మోడల్ సార్, అది పిల్లోళ్లకి అర్థమయ్యేట్ల సూపించే బొమ్మ అడిగినాను. దీపం, అయస్కాంతాలు, గోళీలు, అట్లాంటివి. ఆగస్టులో జిల్లా సైన్సు ప్రదర్శన ఉండాది. మా పిల్లోళ్లు నలుగురు అప్పుట్నుంచే పాఠం బట్టీ కొడతాండారు."

"ఆడ ఉండి ఏం చేస్తాది అది?"

"బయటికేం తెలీదు. లోపల వేడి అటూ ఇటూ మారుస్తాదేమో అంటాండారు. ఎవురూ సూడలేదు ఇంకా."

"సూడనిదాన్ని ఉందని యెట్ల రాసుకుంటారు మేడమ్? మాకైతే ఓచరు కావాల."

"లెక్కలో తేడా వచ్చింది సార్. కనపడే నక్షత్రాల బరువు కూడితే సాల్లేదు. ఆ తేడా అంత ఏదో ఉండాల గదా అనుకున్నారు."

గోపాలస్వామి తల ఊపాడు. ఈ మాట మాత్రం ఆయనకి సులువుగానే అర్థమైంది. రెండువైపులా కూడికలు కుదరనప్పుడు ఆ తేడాని తాత్కాలికంగా ఒక పేరు కింద వేసి ఉంచుతారు. సంగతి తేలేదాకా అది అక్కడే ఉంటుంది. "సస్పెన్సు ఖాతా," అన్నాడు. స్వర్ణలత ఈసారి బాహాటంగానే నవ్వింది.

తరువాత ఇద్దరూ బల్ల మీది కాగితం చూశారు. "కోరిన వస్తువు అందినది, వాడుకలో ఉన్నది." కింద సంతకానికి చోటు. దాని మీద సంతకం పడితే బడి పేరు సాయం అందిన వాళ్ల జాబితాలోకి పోతుంది, మూడేళ్లదాకా ఇంకేదీ ఇవ్వరు. ఆ నియమం కంపెనీకి రాసిపెట్టింది కూడా గోపాలస్వామే. దాచకుండా ఆ సంగతి ఆమెకి చెప్పాడు. సంతకం లేకపోతే తనకేమవుతుందో చెప్పలేదు. కానీ ఆమె ఆయన అరిగిన కాలర్‌నీ, పెన్ను మూతకి చుట్టిన దారాన్నీ చూస్తూనే ఉంది.

"మీకేమన్నా ఇబ్బందైతే చెప్పండి సార్, పెట్టేస్తాను," అంది. "పిల్లోళ్లకి అట్టముక్కల్తో ఏదో ఒకటి చేస్తాలే."

పెన్ను తీసుకుంది కూడా. పేరులో మొదటి అక్షరం రాయబోతుంటే గోపాలస్వామి కాగితాన్ని మెల్లగా తనవైపు లాక్కున్నాడు. ఎందుకు లాక్కున్నాడో ఆయనకే ఆ క్షణంలో తెలియదు. ముప్పై మూడేళ్లలో ఆయన తప్పు పద్దుకి టిక్కు కొట్టలేదు, అంతే.

"వద్దు మేడమ్. నేను సూసుకుంటాను."

"రాయి తీసకపోతారా మరి?"

"లారీ పంపిస్తాను. మళ్లా ఈపక్కకి వచ్చేటప్పుడు."

బస్టాండులో ఉండగా చంద్రమోహన్ ఫోను చేశాడు. గోపాలస్వామి కుడిచెవికి పెట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. అవతల రంపం మోత మీద చంద్రమోహన్ గొంతు పెంచాడు.

"ఎట్నో ఒకట్ల సంతకం పెట్టించుకోని రావాల్సింది గదప్పా. ఆమె పెడతానంటే నువ్వు యాల వద్దన్నావు?"

"తప్పు నాది సార్."

"తప్పు ఎవురిదైతే ఏం. పద్దుకి ఒక సంతకం, అంతే గదా. ఇంగోసారి పోయి అడుగు."

"బడి మూసేసింటారు సార్," అన్నాడు గోపాలస్వామి. గడియారం పదకొండున్నర చూపిస్తోంది. ఆయన ఆడిన అబద్ధాల్లో ఇదే పెద్దదని చెప్పలేం గానీ, సూటిగా ఆడింది మాత్రం ఇదొక్కటే.

మదనపల్లె బస్సంతా ఖాళీ టమాటా పెట్టెల వాసన. ఇంట్లో భార్య ఈశ్వరమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం ఒడిలో పెట్టుకుని సగం తిన్నాడు. భయం వేసింది. ఆ సంగతి ఒప్పుకోవాలి. రేపటి నుంచి పొద్దున లేచి ఎక్కడికి పోవాలన్న భయం. జీతం గురించి కూడా అనుకున్నాడు గానీ, అది ఆ తరవాతే.

ఆడిటరు ఆఫీసులో శాలిని అనే అమ్మాయి కుప్పం ఫైళ్లు చూస్తుంది. సీఏ చదువుతూ పని నేర్చుకుంటోంది. ఫైలు తిప్పి, "సంతకం లేదే అంకుల్," అంది.

"సంతకం రాదమ్మా. ఆ ఖర్చు కొట్టేయాల. రాయి మన స్టాకులోకే తిరిగొస్తాది. స్కూలు పని ఇంకా సాగతా ఉండాదని రాస్తే, డబ్బు పక్క ఖాతాలో పెట్టి ఆ పనికే ఖర్చు పెట్టాల. అంతే గదా రూలు?"

"అంతే. కానీ ఇట్ల మారిస్తే ఎందుకు మారిందో కారణం రాయాల. రాసినోళ్ల పేరు పడతాది."

"పడనీమ్మా."

ఆమె ఇచ్చిన తెల్లకాగితం మీద నీలం పెన్నుతో రాశాడు. కోరిన వస్తువును అర్థం చేసుకోవడంలో పొరపాటు జరిగినది. పొరపాటు నాది. దీపం, అయస్కాంతాలు, గోళీలు వగైరాలతో కూడిన నమూనా ఇంకను ఇవ్వవలసి ఉన్నది. కింద పేరు రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగాడు. పొడి అక్షరాలు వేయాలా, పూర్తిగా రాయాలా అని. పూర్తిగానే రాశాడు, మునెప్పగారి గోపాలస్వామి. అక్షరాలు ఆయనకే కొత్తగా కనపడ్డాయి. శాలిని కంప్యూటరులో మార్చి, అచ్చుతీసి చూపించింది. "సాగుతున్న పనులు" అన్న శీర్షిక కింద ఒక్కటే వరస ఉంది. గోపాలస్వామి అలవాటు చొప్పున దాని పక్కన ఎర్ర టిక్కు కొట్టాడు. మణికట్టు నుంచి ఒక రబ్బరు బ్యాండు తీసి ఫైలుకి వేశాడు. కాస్త ఆగి మిగతావి కూడా తీసి ఆమె బల్ల మీద పెట్టాడు.

"ఉంచుకోమ్మా, పనికొస్తాయి."

చంద్రమోహన్ రెండోసారి ఫోను చేసినప్పుడు గొంతులో కోపం లేదు. "రేపట్నుంచి రావాల్సిన పన్లేదప్పా. పీఎఫ్ కాగితాలు ఇంటికి పంపిస్తాం. ఒళ్లు జాగ్రత్త," అన్నాడు. గోపాలస్వామి సరే సార్ అన్నాడు.

మరునాడు ఐదున్నరకి ఈశ్వరమ్మ మామూలుగానే డబ్బా కట్టింది. ఆయన చెప్పాలనుకుంటుండగానే మూత పెట్టేసింది. దాన్ని పన్నెండింటికి, ఆఫీసులో తినే వేళకే, ఇంటి అరుగు మీద కూర్చుని తిన్నాడు. ఆమె పక్కన కూర్చుని, "ఉప్పు సరిపోయిందా?" అని మాత్రం అడిగింది.

జూలైలో స్కూలుకి రెండు అట్టపెట్టెలు వచ్చాయి. దీపం, అయస్కాంతాలు, గోళీలు, అద్దాల పెట్టె. అన్నీ ఆ రోజు గోపాలస్వామితో చెప్పినట్టే ఉన్నాయి. స్వర్ణలత కృతజ్ఞత చెబుదామని ఫ్యాక్టరీకి ఫోను చేసింది.

"గోపాలస్వామి సార్ ఉండారా?"

"ఆ పేరుతో ఎవురూ లేరు మేడమ్," అంది ఒక కొత్త గొంతు. "మీరు ఏ పని మీద మాట్లాడల్ల?"

పని మీద కాదని చెప్పి ఆమె ఫోను పెట్టేసింది. రాయి కోసం లారీ రాలేదు. పంపాలని గుర్తున్న మనిషి అక్కడ లేడు. వానలకి పలక మీది దుమ్ము పోయి చుక్కలు బాగా తేలాయి. ఇంటర్వెల్లులో పిల్లలు చల్లగా ఉందని దానికి వీపులు ఆనించి కూర్చుంటారు. అంచున పసుపు రంగు అక్షరాల్లో ఊరి పేరూ, బడి పేరూ వాళ్ల జడల రాపిడికి చెరిగిపోయాయి, "నమూనా" అన్న ఒక్క మాట మిగిలింది.