వంగి చూపించే బేరం

పరుపుల షావుకారు లెక్కలో జనం రెండే రకాలు. పరుపును చేత్తో నొక్కి చూసి కొనేవాళ్లు, మాట విని కొనేవాళ్లు. ఇద్దరూ వెర్రివాళ్లేనని అతని అభిప్రాయం. నొక్కి చూసేవాడికి పైపొర తప్ప ఏమీ తెలియదు. మాట వినేవాడికి అదీ తెలియదు.

ఆ రెండో రకం కోసం అతని దగ్గర ఒక విద్య ఉండేది. పాత స్పాంజి ముక్కలు దట్టించి, పైన నిగనిగలాడే గుడ్డ తొడిగి, 'వెన్నుదన్ను' అని పేరు పెట్టి అమ్మే పరుపు పక్కన నిలబడేవాడు. "నడుంనొప్పికి ఇంతకంటే మందు లేదండీ. ఇరవై ఏళ్లుగా నేను పడుకునేది దీనిమీదే" అని, మోకాళ్లు వంచకుండా వంగి కాలి బొటనవేళ్లు పట్టుకునేవాడు. అరవై దాటిన మనిషి అలా వంగితే ఇంక నోరెత్తేవాడెవడు?

ఒక మంగళవారం అలా వంగినవాడు లేవలేదు. కొనడానికి వచ్చినాయన అదీ ప్రదర్శనలో భాగమే అనుకుని కాసేపు మర్యాదగా చూశాడు.

"చాల్లెండి, లేవండి. చూశారుగా ఆయన" అంది గల్లా దగ్గర కూర్చున్న భార్య.

"లేవలేకే ఉన్నా" అన్నాడు షావుకారు నేలతో.

వారం రోజులు మాత్రలు మింగితే నిలబడటం వచ్చింది గానీ వంగడం రాలేదు. అతను వంగకపోతే వెన్నుదన్ను వట్టి మూటే. వచ్చినవాళ్లు నొక్కి చూసి వెళ్లిపోతున్నారు. అందుకని బావమరిది చెప్పిన, చేత్తో నొక్కి నొప్పులు తగ్గించే ఆస్టియోపతి క్లినిక్కుకి, తెలిసినవాళ్లు కనబడరని నాలుగు వీధులు చుట్టి మరీ వెళ్లాడు.

అక్కడ ఒక బల్ల, ఒక తెర, సన్నటి చేతుల డాక్టరమ్మ. మిషన్లు లేవు, సూదులు లేవు, మందుల బీరువా లేదు. సరుకు లేకుండా దుకాణం తెరిచిన మనిషిని చూసినట్టు చూశాడు షావుకారు. మా దగ్గర దూది ఏకేవాడి చెయ్యే ఇంతకంటే మొరటుగా ఉంటుందనుకున్నాడు.

ఆమె మాత్రం తాపీగా అడిగింది. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా, మూత్రం రావడంలో ఇబ్బందుందా, ఎక్కడైనా పడ్డారా అని. ఇన్ని ప్రశ్నలు వేసేవాళ్లు కొన్న దాఖలా లేదని షావుకారు మనసులో కొట్టిపారేశాడు. తర్వాత పడుకోబెట్టి, వేళ్లతో వెదికి, సరిగ్గా ఆ చోటే పట్టుకుంది. నెమ్మదిగా నొక్కింది. కాలు మడిచి ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"ఎముక టక్కున చప్పుడు చేయలేదేంటమ్మా?"

"చప్పుడు కావాలా, నొప్పి తగ్గాలా?"

"రెండూ ఇస్తారనుకున్నా."

"ఎముకేం పక్కకి జరగలేదు బాబాయ్ గారూ, లాగి పెట్టడానికి. కండరం బిగుసుకుపోయింది. రోజుకి ఎన్నిసార్లు వంగుతారేంటి?"

తెర అవతల ఎవరో దగ్గారు. ఆ దగ్గు షావుకారుకి తెలుసు. రిటైరైన టీచరమ్మది. రెండు నెలల కిందట రెండుసార్లు వంగి చూపించి ఆవిడకి వెన్నుదన్ను అంటగట్టాడు.

"నేనెందుకు వంగుతానమ్మా. గల్లా దగ్గర కూర్చునేవాణ్ణి."

"పడుకునేది దేనిమీద?"

షావుకారు లెక్కేశాడు. నిజం చెబితే తెర అవతల తన మాట పోతుంది. డాక్టరుతో అబద్ధమాడితే పోయేదేమీ లేదు.

"వెన్నుదన్ను మీద" అన్నాడు, తెర దాటి వినబడేలా.

ఆమె చేతులు ఆగాయి. "ముందు దాన్ని మార్చండి. చెక్కమీద పడుకున్నట్టే అది. దానిమీద పడుకుని ఈ నెల్లో నా దగ్గరికొచ్చినవాళ్లు మీతో కలిపి నలుగురు."

ఇంక దగ్గు వినబడలేదు. వంగాల్సి వస్తే ఒక కాలు ముందుకేసి, మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి దిగమని ఆమె రెండుసార్లు చేయించి పంపింది.

మూడో రోజు దుకాణం ముందు టీచరమ్మ ఆటో ట్రాలీ దిగింది. వెనకాల ఆవిడ పరుపు.

"డాక్టరమ్మ మీ పరుపు మార్చమందిగా షావుకారు గారూ. నాదీ మార్చేద్దురూ."

"అమ్మిన సరుకు వెనక్కి తీసుకోమండీ."

"పోనీ. ఒక్కసారి వంగి చూపించండి, తీసుకెళ్లిపోతాను."

లోపల ఇంకో ఇద్దరు పరుపులు నొక్కి చూస్తున్నారు. వాళ్లూ తల తిప్పారు. షావుకారు చెయ్యి నడుం మీదికి పోయింది.

"పాపం, ఇప్పుడు దేనిమీద పడుకుంటున్నారు మరి?" అంది టీచరమ్మ.

జవాబు గల్లా దగ్గర్నుంచి వచ్చింది. 'ఇరవై ఏళ్లుగా దీనిమీదే' అన్న మాట రోజూ వినీ వినీ విసిగిన భార్య తల కూడా ఎత్తలేదు. "ఆయనకేం లోటండీ. మా అత్తగారి దూది పరుపుందిగా. పెళ్లయిన దగ్గర్నుంచీ దానిమీదే. ఇంకొకర్ని తాకనివ్వరు."

నొక్కి చూసేవాళ్లిద్దరూ చెప్పులేసుకున్నారు.

టీచరమ్మ వెళ్లలేదు. "అయితే నాకూ దూది పరుపే కుట్టించండి. నా ఎదురుగా కుట్టాలి. ఏం కూరుతున్నారో నేను చూడాలి. ఊఁ, ఈ పాత పరుపు పరిచి కొలత తీసుకోండి."

కొలతల టేపు ఆవిడ కాళ్ల దగ్గర పడి ఉంది. షావుకారు పాత అలవాటున నడుం వంచబోయి ఆగాడు. ఒక కాలు ముందుకేశాడు. మోకాళ్లు వంచాడు. వీపు నిటారుగా ఉంచి, ఆవిడ ముందు మోకరిల్లినట్టుగా దిగి, టేపు అందుకున్నాడు. నడుం ఎక్కడా పట్టలేదు.

"ఈసారి బాగా వంగారు" అంది టీచరమ్మ.