ఎవరూ వాడని స్థలం

"చక్కెర కాస్త తగ్గించమ్మా. వచ్చేది మున్సిపాలిటీ ఆఫీసరు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి షుగరు రాకుండా ఉండదు" అన్నారు మామగారు హాల్లోంచి, తన మాటకు తనే నవ్వుకుంటూ.

వంటింట్లో కొత్తకోడలు కూడా నవ్వింది. పెళ్ళయి నాలుగు నెలలే. ఈ ఇంట్లో ఆమెకు ఇంకా అన్నీ ముద్దుగానే ఉన్నాయి. పొద్దున్నే కిటికీలోంచి వచ్చి బోర్లించిన గిన్నెల మీద పడే ఎండ, ఒక కుళాయి తిప్పితే ఇంకో కుళాయి మూలగడం, గదిలో ‘నువ్వు’ అని, గడప దాటగానే ‘మీరు’ అని పిలవాల్సిన మొగుడు. ఎప్పుడైనా హాల్లో పొరపాటున ‘నువ్వు’ అనేసి ఆమె నాలిక కరుచుకుంటే, అతను పేపరు చాటున భుజాలు కదిలిపోయేలా నవ్వుతాడు. ఆ నవ్వు తలుచుకుంటూ ఆమె పూటంతా అంట్లు తోమేయగలదు. పొయ్యి పైన అరలో వరసగా పేర్చి ఉన్న అగ్గిపెట్టెలను చూసినా ఆమెకు నవ్వే. లైటరున్న ఇంట్లో ఇన్ని అగ్గిపెట్టెలెందుకత్తయ్యా అని వచ్చిన కొత్తలో అడిగితే, "ఉండనీలే, అవేమన్నా అన్నం అడుగుతున్నాయా" అంది అత్తగారు.

ఆఫీసరు వచ్చేది వీధి చివరి గ్రౌండ్ చూడటానికి. పేరుకు గ్రౌండేగానీ అక్కడ ఆడేవాళ్ళు లేరు. ఎప్పుడో మున్సిపాలిటీ జనం కోసమని వదిలిపెట్టిన జాగా. ఒక ఒంగిపోయిన గోల్‌పోస్టు, నీళ్ళు రాని కుళాయి, పడమటి వైపు పొడవాటి గోడ. మధ్యాహ్నం మూడు కాగానే ఆ గోడ నీడ సగం గ్రౌండ్ మీద పరుచుకుంటుంది. సరిగ్గా అప్పుడే వీధిలో ఆడవాళ్ళకి కాస్త ఊపిరాడుతుంది. అంట్లయిపోయి ఉంటాయి, పిల్లలు బడి నుంచి వచ్చి ఉండరు, మగవాళ్ళు ఉద్యోగాల్లోనో నిద్రలోనో ఉంటారు. ఒక్కొక్కరే బయటికొస్తారు. ఊరికే ఎవరూ రారు. మూలింటి పిన్ని మందుల షాపుకని వస్తుంది. రాత్రి డ్యూటీల నర్సు కరెంటు బిల్లు కట్టడానికని వస్తుంది. బట్టలు కుట్టే టైలరక్క దారం రీలు కోసమని తన పాత స్కూటరు మీద వస్తుంది. వచ్చి గోడ నీడన కూర్చుంటారు, నడుస్తారు, ఒకరి తలలో ఒకరు తెల్లవెంట్రుకలు చూసుకుంటారు, గంట గడిచాక ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు.

కొత్తకోడలు పాలకని వస్తుంది. పాలబూత్ గ్రౌండ్ పక్కనే, పోయి రావడానికి ఐదు నిమిషాలు చాలు. "పాపం, ఆ క్యూలో పిల్ల ఎంతసేపు నిలబడుతుందో" అని మామగారు ఒకసారి జాలిపడ్డారు కూడా. ఆ క్యూలో ఆమె టైలరక్క దగ్గర స్కూటరు నేర్చుకుంటోంది. ఎడమకు తిప్పడం వచ్చింది. కుడికి తిప్పాలంటే ఇంకా రెండు కాళ్ళూ కిందపెట్టి బాతులా నడవాల్సిందే. "చూపు ఎటుంటే బండి అటు పోతుందే, ఆ గోల్‌పోస్టు వైపు చూడకు" అని టైలరక్క వెనకాల పరిగెడుతుంది. పాఠం అయ్యేసరికి ఇద్దరూ నవ్వలేక కడుపు పట్టుకుని కూర్చుంటారు. మొగుడి పుట్టినరోజుకి చెప్పాపెట్టకుండా అతని ఆఫీసు గేటు ముందు బండి ఆపి, హెల్మెట్ తీసి జుట్టు సర్దుకోవాలని ఆమె ఆశ. ఆ జుట్టు సర్దుకోవడం అద్దం ముందు చాలాసార్లు రిహార్సల్ కూడా చేసింది.

ఇప్పుడు ఆ జాగాని వార్డు మెంబరు బావమరిది అడుగుతున్నాడు. చుట్టూ ఇనపకంచె వేసి కార్ల పార్కింగ్ పెట్టి డబ్బులు వసూలు చేసుకుంటాడు. వాడకంలో లేని స్థలమైతేనే మున్సిపాలిటీ లీజుకివ్వచ్చట. వాడకంలో లేదని వీధి అసోసియేషన్ చెప్పాలి. అసోసియేషన్ ప్రెసిడెంటు మామగారు. చెబితే ఆయన కారుకు నీడపట్టున మొదటి చోటు, ఎప్పటికీ ఉచితం. ఇదంతా ఎవరూ కొత్తకోడలికి చెప్పలేదు. ఆ బావమరిది వచ్చినప్పుడల్లా టీ తీసుకెళ్ళి ఇచ్చింది, అంతే. టీ తెచ్చే మనిషికి కూడా చెవులుంటాయని ఎవరికీ తోచదు.

ఆఫీసరు పదకొండింటికి వచ్చాడు. బక్కపల్చటి మనిషి, మాట మెత్తన. మామగారు బాల్కనీలోకి తీసుకెళ్ళి చెయ్యి చాపి గ్రౌండ్ చూపించారు. "మీరే చూడండి. పిట్ట కూడా వాలదు. వాడేవాళ్ళుంటేగా."

"పొద్దున ఎనిమిదింటికి కూడా ఒకసారి చూసి వెళ్ళానండి. అప్పుడూ ఎవరూ లేరు" అన్నాడు ఆఫీసరు.

ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది కొత్తకోడలు. వీధి పొడుగునా కుక్కర్లు ఒకదాని తర్వాత ఒకటి కూస్తున్నాయి. ఎనిమిదింటికి ఎవరుంటారు, టిఫిన్ బాక్సులు సర్దుతూ ఉంటారు. పదకొండింటికి ఎవరుంటారు, ఆ కూతలన్నీ వాళ్ళవే. పిట్ట కూడా వాలదట. నిన్న మధ్యాహ్నం ఆ గోల్‌పోస్టుకి తగిలి గీరుకుపోయిన మోకాలు చీర కింద ఇప్పటికీ చురుక్కుమంటోంది. ఆ మోకాలు ఎవరిదైనట్టు? ఆమెకు కోపం వచ్చిందని చెప్పలేం. బస్సులో తను కూర్చున్న సీటుని ఎవరో ఖాళీయేనా అని పక్కవాళ్ళని అడిగితే ఎలా ఉంటుందో అలా ఉంది.

"మేం వాడతామండీ" అంది.

మామగారు వెనక్కి తిరిగారు. ఆఫీసరు కూడా.

"రోజూ మూడింటికి. మీరొచ్చే టైములో మాకు వంటింట్లో పనుంటుంది. మూడింటికొస్తే కనిపిస్తాం. నేనైతే అక్కడ స్కూటరు నేర్చుకుంటున్నాను."

"మా కోడలండీ" అన్నారు మామగారు నవ్వుతూ. "కొత్తగా వచ్చింది, ఇంకా ఇక్కడి సంగతులు తెలీవు. కప్పులక్కడ పెట్టమ్మా."

"నాకు కనిపించింది రాయడమే నా పనమ్మా" అన్నాడు ఆఫీసరు. "మళ్ళీ వచ్చి చూడాలంటే స్థానికులెవరైనా అడగాలి."

"నేను అడుగుతున్నానుగా."

"నాలుగు నెలల్లో స్థానికులు అయిపోతారా" అన్నారు మామగారు. ఈసారి నవ్వలేదు.

"పెళ్ళిలో మా అమ్మావాళ్ళతో మీరే అన్నారు కదా మామయ్యా. ఇక ఇదే తన ఇల్లు, మీకు బెంగ అక్కర్లేదని."

ఆఫీసరు దగ్గాడు. కప్పు అందుకుని ఒక గుక్క తాగి, "సరేనమ్మా, రేపు మూడింటికి వస్తాను" అన్నాడు. "టీ బాగుంది" అని కూడా అన్నాడు. చక్కెర తగ్గించడం మరిచిపోయిందని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

సాయంత్రం మొగుడు గదిలోకొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "స్కూటరు నేర్చుకుంటున్నావా? నాకెందుకు చెప్పలేదు?"

"నీ ఆఫీసు గేటు ముందు దిగి చెబుదామనుకున్నా. నీ పుట్టినరోజుకి."

అతని మొహం వెలిగింది. ఆ వెలుగు ఒక్క క్షణమే, హాల్లో నాన్న దగ్గు వినపడగానే తగ్గిపోయింది. "నాన్నకి తల కొట్టేసినట్టయింది. బయటివాళ్ళ ముందు అలా అంటావా? రేపొక్కరోజు ఇంట్లో ఉండు. నా కోసం. నేర్చుకోవాలని ఉంటే ఆదివారాలు నేను నేర్పిస్తా కదా."

"ఎక్కడ?" అంది ఆమె.

అతను ఫ్యాను వంక చూశాడు. "నువ్వు భలే అడుగుతావు" అన్నాడు చివరికి, ఆమె జడ చివర వేలికి చుట్టుకుంటూ. ఆమెకు అతనంటే ఇష్టమేమీ తగ్గలేదు. జడ లాక్కోలేదు కూడా. కానీ ఆ ఇష్టం పక్కన ఇంకోటేదో వచ్చి కూర్చుంది, అడక్కుండా పక్కసీట్లో కూర్చున్న ప్రయాణికుడిలా. నా కోసం అన్నాడు. నా కోసం అన్న మాట ఆమె అతనితో ఇంకా ఒక్కసారి కూడా అనలేదు.

మర్నాడు పొద్దున జాకెట్టు కొలతలకని టైలరక్క ఇంటికి వెళ్ళింది. సంగతి అప్పటికే ఆడవాళ్ళందరికీ తెలిసిపోయింది. మూడింటికి అందరం వెళ్దామక్కా అంటే టైలరక్క మిషను తొక్కడం ఆపలేదు. "నాకు ధైర్యం లేదే. ఆఫీసరు చూస్తే చూశాడు, సాయంత్రానికి సంగతి మా ఆయన చెవిన పడుతుంది. ఇన్నాళ్ళూ దారం దారం అని నువ్వు పోయింది అక్కడికా అంటాడు. నర్సు కూడా అదే అంది. పిన్ని అయితే మందులే మానేస్తానంటోంది."

"మనమే కదక్కా దాచింది. మామయ్య అబద్ధమాడలేదు. మనం అక్కడుంటామని ఆయనకి నిజంగానే తెలీదు."

"తెలిస్తే వెళ్ళనిచ్చేవాళ్ళా?"

టైలరక్క పళ్ళతో దారం తెంపి, "బండి తాళం మేకుకి ఉంది. కావాలంటే పట్టుకెళ్ళు. కుడికి తిప్పేటప్పుడు తొందరపడకు" అంది.

మధ్యాహ్నం రెండున్నరకి వార్డు మెంబరు బావమరిది వచ్చి సోఫాలో కూర్చున్నాడు. "అమ్మాయ్, మూడింటికి టీ పెట్టు. వేడివేడిగా. తర్వాత ఇంకో ఇద్దరు వస్తారు, వాళ్ళకీ పెట్టాలి" అన్నారు మామగారు. ఆయన గోడగడియారం వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఆయన పడుతున్న అవస్థ కొత్తకోడలికి వంటింట్లోంచే కనిపించింది.

అత్తగారు పీట మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. నిన్నటి నుంచి ఈ విషయంలో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు గొంతు తగ్గించి, "పాలు విరిగాయని చెప్పి బూత్‌కి వెళ్ళు. ఇక్కడ నేను చూసుకుంటా" అంది.

కొత్తకోడలు ఆశ్చర్యంగా చూసింది.

"ఏం చూస్తావు. నీకు పాలు, నాకు అగ్గిపెట్టె" అంది అత్తగారు అర వైపు గడ్డం ఎత్తి. "పాతికేళ్ళు వెళ్ళా. వెళ్ళి ఏం చేసేదాన్ని కాదు. ఆ గోడ నీడన ఊరికే కూర్చునేదాన్ని. మోకాళ్ళు పట్టేశాక మానేశాను. వాడగా మిగిలినవే అవి. ఈ ఇంటికి ఇన్ని అగ్గిపెట్టెలెందుకని మీ మామయ్యకి ఇప్పటికీ అనుమానం రాలేదు."

ఇద్దరూ నోళ్ళు మూసుకుని నవ్వారు. నవ్వుతూనే కొత్తకోడలు అరలోని ఆ పెట్టెలను మళ్ళీ చూసింది. ఒక్కొక్క పెట్టె ఒక్కొక్క మధ్యాహ్నం. పాతికేళ్ళు కూర్చున్న మనిషికి సాక్ష్యంగా మిగిలింది ఇంతే. గ్రౌండ్‌లో ఆవిడ ఉన్నట్టు ఎక్కడా లేదు.

"పాలకని వెళ్ళను అత్తయ్యా. వెళ్తే సాయంత్రం మామయ్య ఆఫీసరుతో అదే అంటారు, మా కోడలు పాలకొచ్చి అటు తొంగిచూసిందని."

"మరేం చెబుతావు?"

ఆమె పొయ్యి మీద పెట్టిన టీగిన్నె తీసి పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుని, టైలరక్క బండి తాళం పిడికిట్లో పట్టుకుని హాల్లోకి వచ్చింది.

"ఎక్కడికమ్మా?" అన్నారు మామగారు.

"గ్రౌండ్‌కి మామయ్యా."

చాలా చిన్న మాట. ఈ వీధిలో ఏ ఇంట్లోనూ ఏ ఆడమనిషీ ఇంతవరకూ అనని మాట అని మాత్రం ఆమెకు తెలుసు. బావమరిది సోఫాలో సర్దుకుని కూర్చుని ప్రెసిడెంటు వంక చూశాడు. ప్రెసిడెంటు కోడలి వంక, కోడలి పిడికిలి వంక, చివరికి గడియారం వంక చూశారు.

"మరి టీ?" అన్నారు.

ఆమె నోరు తెరిచేలోపే వెనక నుంచి జవాబొచ్చింది.

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. అగ్గిపెట్టెలు కావలసినన్ని ఉన్నాయి" అంది అత్తగారు, ఒక చేత్తో గోడ పట్టుకుని గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటూ.