సర్వినోజ్ కొరికిన రొట్టె

చదువులో ఫైనాన్స్ విభాగం తీసుకుంటున్నానని సర్వినోజ్ ఫోన్లో చెప్పిన అబద్ధాన్ని వంటింటి గోడ మీది రొట్టె బయటపెట్టేసింది. అదీ తురోబ్ మామయ్య టీ తాగుతూ అక్కడే కూర్చున్నప్పుడు.

వాళ్ళ ఊరు రిష్తాన్‌లో ఎవరు దూరం వెళ్తున్నా గుండ్రటి రొట్టెను ఒక్కసారి కొరికి వెళ్తారు. మిగతాదాన్ని ఇంట్లోవాళ్ళు గోడకు వేలాడదీస్తారు. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి దాన్ని పూర్తిచెయ్యాలి. అందాకా, వాళ్ళు పైకి అనలేక మింగేసిన మాటలన్నీ ఆ కొరికినచోటు ఇక్కడ అనేస్తుంటుంది. సర్వినోజ్ అన్న సైన్యంలో ఉన్నన్నాళ్ళూ అతని రొట్టె పొద్దున్నే బూతులు లంకించుకునేది. తల్లి మావ్లుదా దానికో తువ్వాలు చుట్టి తన పని తాను చూసుకునేది.

సర్వినోజ్ తాష్కెంట్‌లో బిజినెస్ డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. వచ్చే ఏడు నుంచి ఏ విభాగమో ఈ నెలలోనే తేల్చాలి. ఫైనాన్స్ తీసుకుంటే తన బ్యాంకులో ఉద్యోగం ఖాయమని మామయ్య మాటిచ్చాడు. మావ్లుదా మట్టిపళ్ళేలకు నీలిరంగు వేసి, కాల్చి, బయటి ఊళ్ళకు పంపుతుంది. కూతురి గోళ్ళయినా శుభ్రంగా ఉండాలని ఆమె కోరిక.

"ఏది తీసుకుంటున్నావే?" అని ఫోన్ స్పీకర్‌లో పెట్టి అడిగింది.

"ఫైనాన్సేనమ్మా."

"లాజిస్టిక్స్," అంది గోడ మీంచి అదే గొంతు.

మామయ్య కప్పు కింద పెట్టాడు. "ఏంటది?"

"రొట్టె."

"రొట్టేనని తెలుసక్కా. ఏం కూసిందని అడుగుతున్నా."

"సరుకు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చే చదువు మామయ్యా," అంది ఫోన్లోంచి సర్వినోజ్.

"అంటే మూటలు మొయ్యడం. బజార్లో గాడిద చేస్తోందిగా ఆ పని! దానికెవరిచ్చారు డిగ్రీ?"

శనివారం ఇంటికి రమ్మని చెప్పి ఫోన్ పెట్టేయించాడు.

కొండల మధ్య కనుమ దాటి, నలుగురితో కలిసి అద్దె కారులో వచ్చింది సర్వినోజ్. పులావు పళ్ళెం చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. మామయ్య లేచి గోడ మీంచి రొట్టె దించాడు.

"ముందు దీన్ని తినిపించక్కా. పిల్ల ఒకటి, నోళ్ళు రెండు. నేను ఏ నోటితో మాట్లాడాలి?" అంటూ విసురుగా గుడ్డ మీద పెట్టాడు.

"రొట్టెను బోర్లా పెడతావేంట్రా! కళ్ళు పోతాయి." మావ్లుదా గబుక్కున తిరగేసింది.

తిరగేయగానే రొట్టె అంది: "అమ్మా, పళ్ళేలు ఒకదానిమీదొకటి పేర్చకు. నిలువుగా సర్దు."

సర్వినోజ్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇదెప్పట్నుంచి అంటోంది?"

"చలికాలం నుంచి. లెక్కల క్లాసు వేళకి ఆవలింతలు, మిగతా వేళంతా ఇదే పోరు. పడలేక మొన్న సమర్‌కంద్ సరుకు నిలువుగానే సర్దాను. ఎప్పుడూ సగం పెంకులై చేరేవి. ఈసారి ఒక్కటీ పగల్లేదు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు నాకెందుకు చెప్పలేదే?"

మామయ్య ఇద్దరినీ చూశాడు. "ఆ ఉద్యోగం కోసం ఎంతమంది నా చుట్టూ తిరుగుతున్నారో తెలుసా? నువ్వు కాదంటే సోమవారానికల్లా ఇంకొకళ్ళది. చెప్పు. రొట్టె కాదు, నువ్వు చెప్పు."

మామయ్య మాటకు సర్వినోజ్ ఇంతవరకూ ఎదురు చెప్పలేదు. తల్లివైపు చూసింది. మావ్లుదా తల వంచుకుని గోటి సందులో నీలిరంగు గీక్కుంటోంది. రొట్టె వైపు చూసింది. అదీ పలకలేదు.

"లాజిస్టిక్స్ మామయ్యా. ఆ ఉద్యోగం వాళ్ళకే ఇచ్చేయండి."

రాయిలా ఎండిన రొట్టెను టీలో ముంచుకుంటూ ముక్క మిగలకుండా తినేసింది. మామయ్య తన టీ చివరిదాకా తాగి, టోపీ పెట్టుకున్నాడు. "లారీ డ్రైవర్లకి నా సలాములు చెప్పు," అని వెళ్ళిపోయాడు. సోమవారం ఆ ఉద్యోగం ఇంకొకళ్ళ అమ్మాయికి పోయింది. మావ్లుదా రెండు రోజులు కూతురితో సరిగా మాట్లాడలేదు. మూడోరోజు కొత్త రొట్టె కాల్చి చేతికిచ్చింది.

దాన్ని కొరకబోతూ సర్వినోజ్ ఒక నిర్ణయానికొచ్చింది. ఇక మాట మింగేసి దీనికి పని చెప్పకూడదు.

ఆ తర్వాత ఫోన్లో తల్లీకూతుళ్ళు బోలెడన్నిసార్లు పోట్లాడుకున్నారు. డిగ్రీ చేతికొచ్చేలోగా ఆ గోడకు ఎన్నో రొట్టెలు వేలాడాయి. మావ్లుదా అప్పుడప్పుడూ వేలితో తట్టి చూసేది. ఒక్కటీ పలకలేదు.